మోగని ఫోనుకు నేను పెట్టిన సంతకం

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ మా చుట్టాల్లో చాలామందికి నా పని ఏమిటో తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మా ఆవిడ "దవాఖానల ఫోన్లు చూస్తడు" అని చెప్పి ఊరుకునేది. నేను సరిదిద్దేవాణ్ని కాదు. అంతకంటే సరిగ్గా నాకూ చెప్పడం రాదు.

2001లో నాకు నలభై అయిదేళ్లు. అప్పటిదాకా హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఎక్స్చేంజి చూసుకునేవాణ్ని. అక్కడ మానేసి సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. ఆ ఆస్పత్రికి సూర్యాపేటలో పెద్ద భవనం, కోదాడలోనూ మిర్యాలగూడలోనూ చిన్న శాఖలు ఉండేవి. 2014లో అక్కడే రిటైరయ్యాను. నేను చేరినప్పుడు ఫోనంటే రెండు రాగి తీగలు. నేను దిగిపోయేనాటికి అది కంప్యూటరుతో పాటు ఒకే తీగలో పోతోంది. ఆ మార్పంతా మా మూడు శాఖల్లో నా చేతుల మీదుగానే జరిగింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు నాకంటే ఎంతో ఎక్కువ చదువుకున్నారు. వాళ్లకు నేను పుస్తకంలో ఉన్నది చెప్పనక్కర్లేదు. నేను బాగా చేసిన పనులు కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. చాలా పెద్ద తప్పు మాత్రం ఒకటి చేశాను. ఎక్కువగా దాని గురించే రాస్తాను.

హబీబ్ సాబ్

నా మొదటి పై అధికారి హబీబ్ సాబ్. కరెంటు, జనరేటర్లు, లిఫ్టు, ఫోన్లు అన్నీ ఆయన కిందే ఉండేవి. ఎవరైనా ఏదో చెడిపోయిందంటే ఆయన ముందు పరికరం దగ్గరికి పోయేవాడు కాదు. చెడిపోయిందన్న మనిషి దగ్గరికి పోయేవాడు.

నేను చేరిన రెండో ఏడు మిర్యాలగూడ శాఖలో ఫోన్లలో గరగర వస్తోందని కబురొచ్చింది. నేను బస్సెక్కి మూడుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ ఫోన్లు శుభ్రంగా ఉన్నాయి. మూడోసారి తిరిగొచ్చి, "ఏం లేదు సార్, వాళ్లకు ఊకెనే అనిపిస్తున్నది" అన్నాను.

హబీబ్ సాబ్ చదువుతున్న పేపరు దించలేదు. "నువ్వు ఏ టైంకు పోయినవ్?"

"పొద్దుగాల పోయి మధ్యాహ్నం బస్సుకు వచ్చిన."

"వాళ్లకు ఏ టైంకు వస్తుందంట గరగర?"

నాకు తెలియదు. మూడుసార్లు పోయి ఆ ఒక్క మాట అడగలేదు.

"ఇగ జర మళ్లొకసారి పో. ఆ రిసెప్షన్ ఆమె పక్కన కుర్చేసుకొని కూసో. గరగర వినేదాక లేవకు. నీ మీటరు సంచి గీడనే పెట్టి పో."

సంచి లేకుండా పోవడం నాకు నామోషీగా అనిపించింది. అయినా పోయి కూర్చున్నాను. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక రిసెప్షన్ ఆమె ఫోను నా చెవికి అందించి, "ఇదిగో సార్, వచ్చింది" అంది. నూనెలో ఏదో వేయిస్తున్నట్టు చప్పుడు. లేచి భవనమంతా తిరిగాను. ఆ వేళకే వార్డుల్లో దుప్పట్లు తీసి వెనక గదిలో పెద్ద ఉతికే మిషన్ ఆన్ చేస్తారు. దాని కరెంటు తీగ, మా ఫోను తీగ ఒకే పైపులోంచి పోతున్నాయి. రెండూ వేరు చేశాను. గరగర పోయింది.

సూర్యాపేట వచ్చి చెబితే హబీబ్ సాబ్ మెచ్చుకోలేదు. "మిషన్‌ను ఏం అడుగుతవో అదే చెప్తది. మనిషి అట్ల కాదు, నువ్వు అడగంది గూడ చెప్తడు. కాని పక్కన కూసోవాలె" అన్నాడు. కొన్నేళ్లకు ఆయన ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన మాట నాకు బాగా ఒంటబట్టిందనే అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

వరుసలో ఎవరు ముందు

2009లో మా యాజమాన్యం పాత ఫోన్లు తీసేసి, కంప్యూటరు తీగ మీదే నడిచే కొత్త ఫోన్లు పెట్టాలని నిర్ణయించింది. మూడు ఊళ్ల ఫోన్లనూ నడిపే పెద్ద యంత్రం సూర్యాపేటలో ఉంటుంది. కోదాడ నుంచి ఒక లైను, మిర్యాలగూడ నుంచి ఒక లైను దానికి వచ్చి చేరతాయి. ఫోనుల్లో మాటలు, కంప్యూటర్లలో రోగుల వివరాలు, ఎక్స్‌రే బొమ్మలు, అన్నీ అదే లైనులో రావాలి.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం విడమరిచి చెబుతాను. ప్రతి శాఖలోనూ స్విచ్ అనే ఒక ఇనుప పెట్టె ఉంటుంది. గదులన్నిటి తీగలూ దానికే వచ్చి చేరతాయి. మాటైనా బొమ్మైనా చిన్న చిన్న ముక్కలై ఆ పెట్టెలోకి వస్తుంది. బయటికి పోయే దారి ఇరుకు. ముక్కలన్నీ ఒకేసారి వస్తే పెట్టె వాటిని వరుసల్లో నిలబెడుతుంది. ఏ ముక్కను ఏ వరుసలో నిలబెట్టాలో తెలియడానికి ప్రతి ముక్క మీదా ఒక అంకె ఉంటుంది. ఓపీలో చీటీ మీద నంబరు చూసి లోపలికి పంపినట్టే, స్విచ్ ఆ అంకె చూసి పంపుతుంది. ఏ అంకెకు ఏ వరుసో ముందే జాబితా రాసి స్విచ్‌లో పెట్టడం మా పని.

మాటకు 46 అనే అంకె. అది ఆగకూడదు. ఎక్స్‌రే బొమ్మ నాలుగు సెకన్లు ఆగితే నష్టం లేదు, మాట అర సెకను ఆగితే అవతలి మనిషికి సగమే వినిపిస్తుంది.

అయితే ఫోనులో మాట ఒక్కటే ఉండదు. మీరు నంబరు నొక్కగానే "ఫలానా వాళ్లను పిలుస్తున్నాను" అని ఒక చిన్న సందేశం పోతుంది. "అక్కడ మోగుతోంది" అని ఒకటి తిరిగి వస్తుంది. ఎత్తారని ఒకటి, పెట్టేశారని ఒకటి. వీటిని సిగ్నలింగ్ అంటారు. ఇవి మాటకంటే చాలా తక్కువ చోటు తీసుకుంటాయి. కానీ ఇవి చేరకపోతే మాట మొదలే కాదు. వీటికి మా ఫోన్లు 26 అనే అంకె వేసేవి. మాటకు మొదటి వరుస ఇచ్చాను. దాని పక్కనే 26కు చిన్న వరుస ప్రత్యేకంగా కట్టి పెట్టాను. మిగతావన్నీ మామూలు వరుస.

వరుస కడుతున్నానని తెలియగానే ఆస్పత్రిలో అందరూ ముందుండాలని అడిగారు. ఎక్స్‌రే వాళ్లు అడిగారు, ల్యాబు వాళ్లు అడిగారు. చివరికి డైరెక్టరు గారు పిలిపించి తన గదిలో కంప్యూటరు అందరికంటే ముందుండాలన్నారు.

"సార్, మీ మెయిల్ రెండు సెకన్లు లేటుగా వస్తే మీకు తెల్వనే తెల్వది. డాక్టర్ చెప్పే మందు పేరు సగం వినపడితే నర్సు సగమే రాసుకుంటది" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నీ ఇష్టం వచ్చినట్ల చేయి" అన్నారు. ఆ రోజు నేను మెత్తబడి ఉంటే తర్వాత ఎవరికీ కాదనలేకపోయేవాణ్ని. అందరినీ ముందు నిలబెడితే వరుసే ఉండదు. మీరు కూడా మెత్తబడకండి.

ఏడాదికి పైగా ఆ ఏర్పాటు ఒక్క ఫిర్యాదు లేకుండా నడిచింది. కోదాడలో గుసగుసలాడినా సూర్యాపేటలో వినిపించేది. పాత ల్యాండ్‌లైన్లు ఇక అనవసరమని రాసి శాఖల్లో వాటిని తీయించేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నా మీద అంత నమ్మకం కుదిరింది వాళ్లకు, నాకు కూడా.

కొన్నాళ్లకు ఫోన్లు అమ్మిన కంపెనీ వాటిలోకి ఎక్కించమని కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఓపీ లేని వేళ చూసి, మూడు ఊళ్ల ఫోన్లలోనూ ఎక్కించాను. కోదాడకు చేసి మాట్లాడాను, మిర్యాలగూడకు చేసి మాట్లాడాను. ముందుకంటే ఇంకా స్పష్టంగా ఉంది. పని పూర్తయిందని రాసి ఇంటికి పోయాను.

కోదాడలో ఆ ఉదయం

ఆ తర్వాత మూడు వారాలకు, పనిదినం, పొద్దున పదకొండు గంటల వేళ. కోదాడ శాఖలో ఒకామెకు కాన్పు అయింది. కోదాడ దగ్గర పల్లెలో నాట్లకు, కలుపుకు కూలికి పోయే మనిషి. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగలేదు. కోదాడలో మాకు రక్తం నిల్వ ఉండేది కాదు, సూర్యాపేట నుంచి రావాలి. అందుకోసం ఒక పొట్టి నంబరు ఏర్పాటు చేశాం. కోదాడ నర్సు అది నొక్కితే సూర్యాపేటలో ఆపరేటర్ సైదమ్మ దగ్గర మోగుతుంది. సైదమ్మ వెంటనే రక్తం ఇచ్చేచోటికి, బండి డ్రైవరుకు, పెద్ద డాక్టరుకు కబురు చేస్తుంది.

కోదాడ హెడ్ నర్సు విజయకుమారి గారు ఆ నంబరు మూడుసార్లు నొక్కారు. మూడుసార్లూ ఎవరూ పలకలేదు. ఆమె సెల్‌ఫోనులో సూర్యాపేట ఆస్పత్రి బయటి నంబరు లేదు, దాని అవసరం ఎప్పుడూ రాలేదు. వెతగ్గా వెతగ్గా సూర్యాపేట ల్యాబులో పనిచేసే ఒక స్నేహితురాలి నంబరు దొరికింది. కాన్పుల గదిలో సిగ్నల్ అందదు. బయటికి, రోడ్డు మీదికి పరుగెత్తి చేశారు. ఆ స్నేహితురాలు మెట్లు దిగి పోయి రక్తంతో బండి పంపించింది. మొత్తం మీద అరగంట ఆలస్యం.

ఆ తల్లి బతికింది. ఆరు రోజులు సూర్యాపేటలో ఐసీయూలో ఉండి, నడిచి ఇంటికి పోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని కోదాడ డాక్టరు గారు తర్వాత నాతో అన్నారు.

ఆ సాయంత్రం డాక్టరు గారు రాసిన రిపోర్టులో ఒక వాక్యం ఉంది: సూర్యాపేట ఆపరేటర్ మూడుసార్లు ఫోను ఎత్తలేదు.

సైదమ్మ

సైదమ్మది తుంగతుర్తి వైపు ఊరు. గొర్లు కాచుకునే ఇల్లు. వాళ్లింట్లో ఇంటర్ దాకా చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. పదేళ్లుగా ఆపరేటర్ బల్ల దగ్గర ఉంది. ఫోను ఎత్తి "హలో" అనగానే అవతల ఎవరో పేరు పెట్టి పిలిచేది. టీ తాగడానికి లేచినా పక్కనున్న మనిషిని కూర్చోబెట్టి లేచేది.

అడ్మినిస్ట్రేటర్ నరోత్తం గారు మర్నాడు మధ్యాహ్నం నన్ను పిలిచారు. "ఫోన్లల్ల ఏమన్న లోపమున్నదా? చూసి రాసియ్యి."

సైదమ్మ బల్ల దగ్గరికి పోయాను. ఆమె లేచి నిలబడింది. నేను ఆమె కుర్చీలో కూర్చుని కోదాడకు చేశాను, వెంటనే ఎత్తారు. కోదాడ నుంచి చేయించాను, మోగింది. మాట స్పష్టంగా ఉంది. అప్పుడు సాయంత్రం నాలుగవుతోంది.

"ఫోన్ మోగలేదు సార్" అంది సైదమ్మ. "మోగితే ఎత్తకపోతనా?"

"ఇప్పుడు మోగింది గదమ్మా" అన్నాను.

పైకి పోయి, ఫోన్లలో గానీ లైన్లలో గానీ ఏ లోపమూ లేదని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఆధారంగానే ఆమెను సస్పెండ్ చేశారు. తప్పు ఒప్పుకొని క్షమాపణ రాసిస్తే తిరిగి తీసుకుంటామన్నారు. వారం తర్వాత ఆమెను లోపలికి పిలిచినప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"మోగిన ఫోను ఎత్తకపోయుంటే రాస్తుంటి సార్" అంది ఆమె నరోత్తం గారితో. "మోగని ఫోనుకు ఏమని రాయాలె?"

"ఇంజనీరు లోపం లేదని రాసిచ్చిండు. నువ్వేమో మోగలేదంటవ్. ఎవరి మాట వినాలె మేము?"

ఆమె బయటికి నడిచింది. పోతూ పోతూ నా కుర్చీ దగ్గర ఆగింది. "సార్, మీరు సంతకం పెట్టకముందు నా పక్కన ఒక్క పూట కూసోని చూసేది ఉండె" అంది.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది కోపమే.

ఎవరూ అడగని ప్రశ్న

ఆ కోపంతోనే, నా మాటే నిజమని రుజువు చేయడానికి, పెద్ద యంత్రంలో ఆ రోజు కాల్స్ జాబితా తీశాను. ఎవరైనా ఎవరికైనా చేస్తే అందులో ఒక పద్దు నమోదవుతుంది. ఎత్తకపోతే ఎత్తలేదని ఉంటుంది. విజయకుమారి గారు చేసిన మూడు కాల్స్‌కు మూడు పద్దులు ఉండాలి.

ఒక్కటి కూడా లేదు.

మళ్లీ తీసి చూశాను. పదకొండు గంటల ప్రాంతంలో కోదాడ నుంచి ఆ పొట్టి నంబరుకు ఏ పిలుపూ రాలేదు. అయితే నర్సు అబద్ధమాడి ఉండాలి, లేకపోతే ఆమె పిలుపు సూర్యాపేట దాకా వచ్చి ఉండకూడదు. మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను.

విజయకుమారి గారు వార్డులో మందులు సర్దుతున్నారు. ముందు నన్ను అనుమానంగా చూశారు, ఎవరి తరఫున వచ్చానో అని.

"మేడం, ఆ రోజు మీకు రింగు వినపడ్డదా?" అని అడిగాను.

"రింగు ఎక్కడిదండీ? అసలు చప్పుడే లేదు. బావిలో చెవి పెట్టినట్టుంది. కాసేపు చూసి పెట్టేసి మళ్లీ నొక్కాను. అప్పుడూ అంతే."

"మరి ఎత్తలేదని చెప్పిండ్రు గద?"

ఆమె చేతిలోని మందు పెట్టె కింద పెట్టారు. "డాక్టరు గారు 'ఎత్తలేదా?' అనడిగారండీ. 'లేదండీ' అన్నాను. ఆ హడావుడిలో అంతకంటే ఏం చెప్తాను? తర్వాత ఇంకెవరూ నన్నేమీ అడగలేదు. ఇవాళ మీరే అడిగారు."

ఒక మనిషి ఉద్యోగం పోయే దాకా వచ్చింది. మూడు ఊళ్లలో ఇంతమందిమి ఉండి, రింగు వినిపించిందా అని ఆమెను ఎవరమూ అడగలేదు. అడగాల్సినవాళ్లలో మొదటివాణ్ని నేను.

"పదకొండుకు ఇక్కడ ఇంకేమన్న జరుగుతుంటదా మేడం?"

"పొద్దుటి ఎక్స్‌రేలన్నీ ఆ టైములోనే సూర్యాపేట పంపుతారు కదండీ. కంప్యూటర్లన్నీ నెమ్మదైపోతాయి. మాకలవాటే. ఫోను కలవకపోయినా కాసేపాగి చేసుకుంటాం."

నర్సుల బల్ల పక్కన కూర్చున్నాను. పదకొండు దాటాక ఎక్స్‌రే గదిలో పంపడం మొదలుపెట్టారు. పొట్టి నంబరు నొక్కాను. ఆమె చెప్పినట్టే, చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను, లేదు. పక్క గదిలో మాత్రం ఒక డాక్టరు అదే రకం ఫోనులో సూర్యాపేటతో మాట్లాడుతున్నాడు. ఆయన ఫోను ఒక్క నిమిషం అడిగి తీసుకుని చెవికి పెట్టుకున్నాను. అవతలి మాట ఎక్కడా తెగకుండా వినిపిస్తోంది. ఆయన ఎక్స్‌రేలు మొదలుకాక ముందే కలిపాడు. ముందు కలిసిన మాటకు ఏ అడ్డూ లేదు. కొత్తగా పిలవాలంటేనే దారి లేదు.

ఇది లైను లోపం కాదని, నేను కట్టిన వరుసలోనే ఏదో ఉందని తెలిసిపోయింది.

ల్యాప్‌టాప్ స్విచ్‌కు తగిలించి, పోతున్న ముక్కల మీది అంకెలు చూశాను. మాట మీద 46 ఉంది. సిగ్నలింగ్ మీద 26 ఉండాలి. 24 ఉంది. ఆ ఆదివారం నేను ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేర్ ఆ అంకెను మార్చేసింది. నా జాబితాలో 24 లేదు. తెలియని అంకె కనుక స్విచ్ దాన్ని మామూలు వరుసలోకి తోసింది. ఎక్స్‌రే బొమ్మలతో ఆ వరుస నిండగానే, వెనక వచ్చిన పిలుపులను చోటు లేక పారేస్తోంది. స్విచ్ తప్పేమీ లేదు, నేను రాసిచ్చినట్టే చేసింది.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన కాగితాల్లో ఆ సంగతి ఉంది, ఆరో పేజీలో. నేను రెండో పేజీ దాకా చదివాను. పరీక్ష చేసింది ఆదివారం, ఎక్స్‌రేలు లేని రోజు. సైదమ్మ ఫోను నేను చూసింది సాయంత్రం నాలుగింటికి, ఎక్స్‌రేలు అయిపోయాక. రెండుసార్లూ మాట ఎలా వినిపిస్తోందో చూశాను. రద్దీలో పిలుపు చేరుతోందా అని చూడలేదు.

జాబితాలో 24 చేర్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎక్స్‌రేలు పోతుండగానే నంబరు నొక్కాను. సూర్యాపేటలో వెంటనే ఎత్తారు. సైదమ్మ చోట కూర్చున్న కొత్తామె.

కాగితం

ఆ రోజుల్లో నా పై అధికారి హైదరాబాద్‌లో ఉండేవాడు. కోదాడ నుంచే ఆయనకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే చూశాడు.

"సరిచేసేశారు కదా, ఇక వదిలేయండి. లైను ఇచ్చినవాళ్ల వైపు ఏదో లోపమని రాసేద్దాం. ఎవరూ అడగరు కూడా" అన్నాడు.

"మరి ఆపరేటర్ సంగతి సార్?"

"నెమ్మదిగా నేను మాట్లాడతాను. తీసుకుంటారులెండి."

కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో వస్తూ ఆ దారి కూడా ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం. రిటైరవడానికి నాలుగేళ్లు కూడా లేవు. ఈ వయసులో బయటికి పంపితే నన్ను ఎవరు తీసుకుంటారు? భయపడ్డాను. కానీ ఆ బస్సులోనే ఇంకొకటి కూడా అర్థమైంది. లోపం నాదని దాచిపెడితే, ఆ తర్వాత నేను ఏ ఫోనుకు "బాగుంది" అని రాసినా దానికి విలువ లేదు, ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుంది. నా పనంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

మర్నాడు చేత్తో రాసి నరోత్తం గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"గిట్ల రాస్తె ఎట్లనయ్యా? సాంకేతిక కారణాల వల్ల అని రాయి, ఖతం."

"ఆమెను సాంకేతిక కారణాల వల్ల తీసెయ్యలేదు గద సార్. పేరు పెట్టి తీసేసిండ్రు."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. కాగితం తీసుకుని లోపలికి పోయారు. సాయంత్రానికి సస్పెన్షన్ రద్దయింది. ఆ కబురు నేనే పోయి చెబుతానన్నాను.

సైదమ్మ కిరాయి ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలో. పోయేసరికి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. నేను నిలబడే చెప్పాను. ఫోను మోగలేదని, తప్పు నాదని, రేపటి నుంచి రమ్మన్నారని.

ఆమె "ఇయ్యాల్టికి ఎన్ని దినాలు సార్?" అని అడిగింది.

"పదకొండు."

"పదకొండు దినాలు నా పేరు నోటీసు బోర్డు మీద ఉన్నది. ఊడిశే ఆమె కాడికెల్లి డాక్టర్ల దాక అందరు సదివిండ్రు. మీ కాయితం ఫైల్ల పెడితే నేను రాను సార్. నా పేరు ఏడ పెట్టిన్రో గిది గూడ గాడనే పెట్టాలె."

"నేనే పెడ్త" అన్నాను.

కూర్చోమనలేదు ఆమె. అనాలని నేనూ ఆశించలేదు.

నరోత్తం గారు ఒప్పుకోలేదు. ఆస్పత్రి పరువు పోతుందన్నారు. చివరికి ఆ రిపోర్టు రాసిన డాక్టరు గారే కలగజేసుకుని, "నేను రాసింది కూడా తప్పే. పెట్టనీయండి" అన్నారు. మర్నాడు పొద్దున, ఓపీ మొదలయ్యే వేళకు, నా చేత్తో బోర్డుకు పిన్ను గుచ్చాను. అందులో ఇంతే ఉంది: ఆ రోజు కోదాడ నుంచి పిలుపు రాలేదు. ఆపరేటర్ సైదమ్మ గారు చెప్పింది నిజం. ఫోన్లలో లోపం లేదని నేను ఇచ్చిన కాగితం తప్పు. కింద నా పేరు, సంతకం.

సైదమ్మ వచ్చి, చేతి సంచి భుజానికి ఉండగానే, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివింది. తర్వాత పోయి తన బల్ల దగ్గర కూర్చుంది.

పదకొండు రోజులు ఆ కాగితం అక్కడే ఉంది. వార్డు బాయ్‌లు ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. క్యాంటీన్‌లో నేను పోతే మాటలు ఆగేవి. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆపారు, అది న్యాయమే. ఉద్యోగం మాత్రం పోలేదు. ఇంకొక సంగతి, ఆ తర్వాత నేను ఏది రాసిచ్చినా దాన్ని రెండోసారి ఎవరూ అడగలేదు.

తర్వాత

శాఖకొక పాత ల్యాండ్‌లైను తిరిగి పెట్టించాను. రద్దీ లేని వేళ ఏ పరీక్షా చేయడం మానేశాను. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే చివరి పేజీ దాకా చదివాకే ఎక్కించేవాణ్ని. రోజూ పదకొండుకు, ఎక్స్‌రేలు పోతుండగా, కోదాడ నుంచి ఒకసారి, మిర్యాలగూడ నుంచి ఒకసారి సైదమ్మకు ఫోను చేయాలని నియమం పెట్టాను.

దాదాపు ఏడాది పాటు ఆమె నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఒకరోజు తనే ఫోను చేసింది. "సార్, మిర్యాలగూడ ఫోను మోగుతున్నది గని జర ఆలస్యంగ మోగుతున్నట్టున్నది. అటామె నొక్కి కొంచెం సేపు ఆగినంక గని ఇటు మోగుతలేదు."

నా పరికరాల్లో ఏ లోపమూ కనిపించలేదు. అయినా మిర్యాలగూడ బస్సెక్కాను. ఈసారి ఆమె మాట మీద నాకు సందేహం లేదు. అక్కడ చెడిపోయిన స్విచ్ స్థానంలో ఎవరో కొత్తది పెట్టారు, అందులో మా జాబితా లేదు. రద్దీ ఇంకొంచెం పెరిగితే అక్కడా కోదాడలాగే అయ్యేది. తిరిగొచ్చి ఆమెకు చెబితే, "మరి నాకు వినపడింది గద సార్" అని నవ్వింది. ఆ సంఘటన తర్వాత ఆమె నవ్వడం చూసింది అదే మొదటిసారి.

2014లో నా చోటికి శిరీష అనే ఇంజనీరు వచ్చింది. పని బాగా తెలిసిన మనిషి, నేను తడుముకునే విషయాలు ఠక్కున చెప్పేస్తుంది. అప్పగింతకు నాకు వారం రోజులు ఇచ్చారు. మొదటిరోజే ఆమెను యంత్రాల గదికి కాకుండా సైదమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అప్పుడు పదకొండు కావస్తోంది.

శిరీష మర్యాదగా నమస్కారం పెట్టి, "మేడం, ఫోన్లన్నీ బాగున్నాయా?" అని అడిగింది.

సైదమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది. "మాట్లాడితే బాగనే ఉంటయమ్మా. మోగుతున్నయా అని అడుగు."

శిరీష నా వైపు చూసింది. ఆమె మళ్లీ సైదమ్మ వైపు తిరిగి, ఈసారి కొంచెం నెమ్మదిగా, "మోగుతున్నాయా?" అని అడిగింది.